కుడిపక్క కోడలు

మూడు రోజులుగా ఆ ఫోటో నట్టింట్లో బోర్లా పడి ఉంది. ఎవరూ దాన్ని ఎత్తలేదు. పొద్దున ఇల్లు ఊడ్చేటప్పుడు యాదవ్వ చీపురును దాని చుట్టూ తిప్పింది తప్ప, ఆ చెక్క ఫ్రేమును వేలితో కూడా ముట్టలేదు. అందులో ఉన్నది పీటల మీద కూర్చున్న కొత్త దంపతులు. తీసింది యాదవ్వే. తన జన్మలో తీసిన మొదటి పెళ్లి ఫోటో అది. మగపెళ్లివాళ్లు దాన్ని గోడ మీది నుంచి దించి వెనక్కి పంపారు.

నాలుగో రోజు నాగయ్య వచ్చాడు. ఫోటోలోని పెళ్లికూతురు శంకరవ్వకు తండ్రి. నాలుగిళ్ల అవతల మగ్గం నేసుకునే మనిషి, గొంతు పెంచి మాట్లాడి ఎరగడు. ఇప్పుడూ పెంచలేదు. లోపలికి రమ్మంటే రాకుండా గడప బయటే నిలబడి, నేల చూపులు చూస్తూ చెప్పాడు. బేస్తవారం, అంటే గురువారం నాడు, అల్లుడి ఊరు చెన్నూరులో పంచాయితీ పెట్టారట. వియ్యంకుడు హనుమండ్లు కబురు పంపాడట. ఫోటో తీసినవాళ్లను కూడా వెంటబెట్టుకొని రమ్మన్నాడట.

"నేనొస్త," అన్నాడు సిద్దిరాములు.

యాదవ్వ భర్త అతను. లక్సెట్టిపేట బజారులో ఫోటో స్టూడియో అతనిదే. కుడిచెయ్యి వెదురుబద్దల కట్టులో ఇరుక్కుని మెడకు వేలాడుతోంది. పెళ్లికి మూడు రోజులు ముందు సైకిల్ మీద నుంచి పడి విరిగిన చెయ్యి. అది విరగకపోతే యాదవ్వ కెమెరా పట్టేదీ కాదు, మనకు ఈ రామాయణమంతా చెప్పుకునే పనీ ఉండేది కాదు.

మూలన బియ్యం చెరుగుతున్న లస్మవ్వ చాట ఆపింది. సిద్దిరాములు తల్లి. ఇంతకీ ఆ చెన్నూరు వాళ్లు ఏమంటున్నారని అడిగింది. తెలియక కాదు, నాలుగోసారి వింటే ఏమైనా మారుతుందేమోనని ఆశ.

"పుస్తె కట్టినంక పిల్ల ఎడమదిక్కు కూసోవాలె గద," అన్నాడు నాగయ్య. "ఫోటోల కుడిదిక్కున్నది. కుడిదిక్కున్నంత సేపు అది పుట్టింటి పిల్లనే, మా కోడలు కాదంటుండు. ఫోటో గోడకు పెట్టిన మూడోనాడే వాళ్ల మగ్గం మీద పడుగు తెగిందట. పెండ్లి సగమే అయిందని, నీ బిడ్డను నువ్వు తీస్కపొమ్మన్నడు. బేస్తారం నాడు నలుగురి ముందట అదే మాట ఖాయం చేస్తడట."

పెళ్లికి వచ్చిన వాళ్లంతా కళ్లు మూసుకున్నారా అని లస్మవ్వ అడిగింది. ఎవరూ మూసుకోలేదు పాపం. అడిగితే సగం మంది ఎడమ అన్నారు, సగం మంది కుడి అన్నారు. ఎదురుగా కూర్చున్నవాడి కుడి, పీటల మీదివాడికి ఎడమ. వంటల వాసన మీద ధ్యాస ఉన్నవాడికి రెండూ ఒకటే. పందిట్లో మూడొందల మంది ఉన్నా, చివరికి గోడకు వేలాడే కాగితం మాటే చెల్లింది. నేను ఎడమకే కూర్చున్నాను మొర్రో అని శంకరవ్వ నెత్తి కొట్టుకుంది. పదిహేడేళ్ల పిల్ల మాట ఎవరికి కావాలి?

నాగయ్య వెళ్లబోతూ ఆగి, మొదటిసారి యాదవ్వ వైపు చూశాడు.

"ఒక్కటి చెప్పు బిడ్డా. ఫోటో మంచిగ రావాల్నని నువ్వేమన్న వాళ్లను అటిటు మార్చినవా?"

యాదవ్వ బోర్లా పడున్న ఫోటో వైపు చూసింది. నాగయ్య కొంచెంసేపు చూసి, చెప్పులు వేసుకొని వెళ్లిపోయాడు.

నిజానికి చెప్పడానికి ఆమె దగ్గర ఏముంది గనక? నిజాం రోజులనాటి ఆ చెక్క కెమెరా వెనక అద్దంలో లోకమంతా తలకిందులుగా కనపడుతుంది. తలకిందులే కాదు, కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. చెయ్యి తిరిగిన ఫోటోగ్రాఫర్లకు అది అలవాటే. యాదవ్వ నేర్చుకున్నది మొత్తం రెండు రోజులే. తొమ్మిదేళ్లుగా చీకటిగదిలో అద్దం పలకలు కడిగింది, మందులు కలిపింది, ఫోటోలు అచ్చుతీసి ఆరబెట్టింది. కెమెరా వెనక తల పెట్టడం మాత్రం ఎన్నడూ లేదు. చెయ్యి విరిగిన సిద్దిరాములు మంచంలో పడుకొని అరుస్తుంటే, పెరట్లో నీళ్ల గోలేన్నీ, మేకనూ, అత్తగారినీ వరసగా ఎదురుగా పెట్టుకొని నేర్చుకుంది. ఆడమనిషి నలుగురి ముందు దుప్పటి ముసుగేసుకొని నిలబడడమేమిటని లస్మవ్వ తిడుతూనే నిలబడింది. మేక మాత్రం నిలబడలేదు.

పెళ్లిలో ఇంకో చిక్కు వచ్చిపడింది. కెమెరా మీద కప్పుకునే నల్లగుడ్డను ముత్తయిదువలు పందిట్లోకి రానివ్వలేదు. శుభమా అని లగ్గం జరుగుతుంటే నల్లగుడ్డేమిటని అందరూ మీద పడ్డారు. చేసేది లేక యాదవ్వ ఎవరిదో ఎర్ర దుప్పటి అడిగి కప్పుకుంది. అది పలచన. వెలుతురు దూరి అద్దంలో బొమ్మ కనపడీ కనపడనట్టయింది. తెచ్చిన నాలుగు పలకల్లో రెండు బొమ్మ సరిగా కనపడక పాడయ్యాయి, ఒకటి చుట్టాల గుంపుది, మిగిలింది ఈ ఒక్కటే. ఆ దుప్పటిలో ఉక్కిరిబిక్కిరవుతూ, "జర జరుగు బిడ్డా" అని శంకరవ్వతో అన్నమాట నిజం. ఎటు జరగమందో, ఎంత జరగమందో గుర్తులేదు.

ఒక్కటి మాత్రం బాగా గుర్తుంది. రబ్బరు బుడ్డి నొక్కి ఒకటి, రెండు అని లెక్కపెట్టి వదిలినప్పుడు శంకరవ్వ కదలలేదు, రెప్ప వెయ్యలేదు, పెదవి చివర నవ్వు అలాగే ఉంది. దొరికింది అనుకుంది యాదవ్వ. ముప్పై ఏళ్ల బతుకులో అంత సంతోషం ఆమెకు ఎన్నిసార్లు కలిగిందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నాగయ్య వీధి మలుపు తిరిగేదాకా సిద్దిరాములు గుమ్మంలో నిలబడి చూశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"జరుగుమన్నవా, లేదా?"

"అన్న."

"ఎటు?"

"యాదికి లేదు."

అతను అరవలేదు. అరిచినా బాగుండేది. చెయ్యి నొప్పి పెడుతున్నట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"బేస్తారం నేనొక్కన్నే పోత. హనుమండ్లు కాళ్లు పట్టుకుంట. మా ఆడిది తెల్వక తారుమారు చేసింది, తప్పు మాది, పిల్లది కాదని చెప్త. ఇంటె ఇంటడు, లేకుంటె లేదు. గని ఇగ కెమెరా నువ్వు ముట్టేది లేదు. నా చెయ్యి బాగయ్యేదాంక పెట్టెల ఉంటది."

"నేను తప్పు చెయ్యకుంటె?"

"చెయ్యలేదని నీకే నమ్మకం లేదు గదనే," అన్నాడు సిద్దిరాములు.

ఆ మాట సూటిగా తగిలింది, ఎందుకంటే అది నిజం. సాయంత్రానికి కెమెరా పెట్టెలోకి వెళ్లింది, పెట్టె అటక మీదికి వెళ్లింది. ఎక్కించింది లస్మవ్వ. ఎక్కించేటప్పుడు ఆమె ఒక్క మాటా అనకపోవడం యాదవ్వకు వింతగా తోచింది. గెలిచిన అత్తగారు అంత నిశ్శబ్దంగా ఉంటుందా?

బుధవారం మధ్యాహ్నం యాదవ్వ చీకటిగదిలోకి వెళ్లి, కాగితంలో చుట్టి దాచిన అద్దం పలక బయటికి తీసింది. ఏదో కనిపెడదామని కాదు. ఆ పిల్ల నవ్వును ఇంకొక్కసారి చూద్దామని.

పలకను గుమ్మం దగ్గర వెలుతురుకు పట్టింది. పలకకు రెండు దిక్కులు. ఒక దిక్కు మామూలు అద్దంలా తళతళలాడుతుంది. రెండో దిక్కు మందు పూత, బూడిద రాసినట్టు మందంగా ఉంటుంది. అచ్చుతీసేటప్పుడు మందు దిక్కే కాగితానికి ఆనించాలి. మొదటి రోజే నేర్పాడు సిద్దిరాములు, పదిసార్లు చేయించాడు.

ఆ మందు దిక్కున, కింది మూలలో, ఎండిపోయిన పసుపు బొట్టు.

అప్పుడు యాదవ్వకు అంతా యాదికి వచ్చింది. పలక కడిగి చెక్కబల్లకు ఆనించి ఆరబెట్టింది, వచ్చి చూస్తే బొట్టు ఉంది. అత్త చెంగుకో, తన చేతికో అంటిన పసుపు అనుకుంది. మందు దిక్కు కాగితానికి పెడితే కాగితానికి పసుపు అంటుకుంటుంది. తుడుద్దామా అంటే, పెళ్లి బొమ్మ మీది పసుపును ఏ ఆడది తుడుస్తుంది? చెయ్యి ఆడలేదు. అందుకని పెనం మీద రొట్టె తిప్పినంత తేలిగ్గా పలకను తిప్పి, అద్దం దిక్కును కాగితానికి ఆనించి అచ్చుతీసింది. ఇటు పెడితేనేం, అటు పెడితేనేం, బొమ్మ ఒకటే కదా అనుకుంది.

పలకను రెండు చేతులా పట్టుకొని వచ్చి భర్త మంచం పక్కన నిలబడింది.

"అద్దం దిక్కు కాగితానికి పెట్టి అచ్చుతీస్తె ఏమైతది?"

సిద్దిరాములు కళ్లు మూసుకునే చెప్పాడు. "మసక అయితది. నీ ఫోటో గట్లనే ఉన్నది, చూపు నిలుపుడు రాలేదని ఆనాడే చెప్పిన గద." అంతలో కళ్లు తెరిచాడు. లేచి కూర్చున్నాడు. "కుడి ఎడమ మారిపోతది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"గట్ల తీసినవా?"

"తీసిన."

"ఎందుకే? అన్నిసార్ల చెప్పిన గద!"

యాదవ్వ పలక చూపించింది. సిద్దిరాములు పసుపు బొట్టును చూశాడు, భార్యను చూశాడు, తర్వాత ఇద్దరూ కలిసి మూలకు చూశారు. చాట పట్టుకున్న లస్మవ్వ చేతులు ఆగిపోయాయి. నెల రోజులుగా కోడలు కెమెరా ముట్టుకోవడమే పాపమని ఊరంతా వినేలా తిట్టిన మనిషి, తల వంచుకొని బియ్యంలో లేని రాళ్లు ఏరుతోంది.

"నేనే పెట్టిన," అంది చివరికి.

వెంటనే, ఎవరో తప్పుపట్టినట్టు కోపంగా చెప్పింది. "కొత్త మగ్గానికి పెడ్తం, కొత్త నాగలికి పెడ్తం. నా కోడలు తీసిన తొలి లగ్గం, దానికి పెట్టద్దా? గా పలకకు రెండు దిక్కులుంటయని నాకేమెరుక?"

"నెల సంది తిడ్తనే ఉన్నవ్ గదనే అవ్వా?"

"తిడ్త. తిట్టుడు వేరే, పసుపు వేరే."

సిద్దిరాములు నవ్వు ఆపుకోలేకపోయాడు. కట్టు కట్టిన చెయ్యి కదిలి నొప్పిపెడితే, అబ్బా అంటూ మళ్లీ నవ్వాడు. యాదవ్వ మాత్రం నవ్వలేదు. గోడకు ఆనుకొని, పలకను గుండెకు హత్తుకొని, చెంగుతో కళ్లు ఒత్తుకుంది. తాను తప్పు చెయ్యలేదు. శంకరవ్వ ఎడమకే కూర్చుంది. ఈ రెండు మాటలు లోపల ఎన్నిసార్లు అనుకున్నా తనివి తీరలేదు.

సిద్దిరాములు అప్పటికప్పుడు తిన్నగా ఇంకో ఫోటో అచ్చుతీసి చెన్నూరు పట్టుకుపోదామన్నాడు. యాదవ్వ వద్దంది. ఇక్కడ చేసుకొని పోతే, భయపడి వేరే ఫోటో మార్చి తెచ్చారంటారు. చేస్తే వాళ్ల వాకిట్లో, వాళ్ల కళ్ల ముందే చెయ్యాలి.

చెన్నూరులో చీకటిగది ఎక్కడిదని అతను అడిగాడు.

"ఎండ కాగితం ఉన్నది గద," అంది యాదవ్వ.

కరీంనగర్‌లో సిద్దిరాములుకు పని నేర్పిన గురువు ఇచ్చిన పాత డబ్బా అది. ఆ కాగితానికి చీకటి అక్కర్లేదు. పలక కింద పెట్టి ఎండలో ఉంచితే, బొమ్మ దానంతటదే చూస్తుండగా పైకి తేలుతుంది. మూడే మూడు కాగితాలు మిగిలాయి. ఏళ్ల కిందటివి, చచ్చిపోయి ఉంటాయని సిద్దిరాములు అనుమానపడ్డాడు. యాదవ్వ ఒకదాని కొసన బొటనవేలంత ముక్క కత్తిరించి ఎండలో పెట్టింది. లెక్కపెట్టి నూరు అనేసరికి అది వంకాయ రంగుకు తిరిగింది.

వాకిట్లో మాటలు తాను చెప్తానని, పలక పట్టుకోవడం యాదవ్వ చూసుకోవాలని సిద్దిరాములు అన్నాడు. మంచి సలహానే, ఆమె ఒప్పుకుంటే.

"తీసినదాన్ని నేను. నేనే చెప్త."

అతను గడ్డం గోక్కుంటూ ఆలోచనలో పడ్డాడు. ఆలోచించింది చాలని లస్మవ్వ అనుకున్నట్టుంది. "దాన్ని చెప్పనియ్‌రా," అంటూ అటక మీది నుంచి కెమెరా పెట్టె కిందికి దించింది.

మంచిర్యాలలో బస్సు మారి చెన్నూరు చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. దారి పొడవునా యాదవ్వ వీపు వెనక్కి ఆనించలేదు. పాత చీరలో చుట్టిన పలకను ఒళ్లో పెట్టుకొని, గుంత వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టింది. వెనక సీట్లో నాగయ్య, పక్కన శంకరవ్వ. ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఏడ్చిన మొహం కాదు అది, ఏదో తేల్చుకున్న మొహం.

హనుమండ్లు నాలుగు మగ్గాల ఆసామి. వాకిట్లో మంచాలు వేయించి, ఐదుగురు పెద్దమనుషుల నడుమ తాను కూర్చున్నాడు. వెనక అరుగు మీద కొడుకు పర్శరాములు, అంటే పెళ్లికొడుకు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని కూర్చున్నాడు. తలుపు చాటున హనుమండ్లు భార్య ఐలవ్వ. శంకరవ్వను ఎవరూ లోపలికి పిలవలేదు. ప్రహరీ గోడ పక్కన, తండ్రి వెనక నిలబడింది.

హనుమండ్లు సిద్దిరాములు వైపే చూసి మాట్లాడాడు. ఫోటో తీసింది ఎవరని అడిగాడు. తన భార్య అని సిద్దిరాములు చెప్తే, ఆడవాళ్లు తీస్తే ఫోటోలు ఇలాగే ఏడుస్తాయని పక్కవాడితో అన్నాడు. పక్కవాడు నవ్వాడు.

యాదవ్వ ముందుకు వచ్చి, చీర మడతలు విప్పి, పలక బయటికి తీసింది.

"ఫోటోల పిల్ల కుడిదిక్కు కనవడ్డది నిజం," అంది. "గది నేను పలక తిప్పిపెట్టినందుకు. పిల్ల తప్పు కాదు. మీ ముందటనే మల్ల చేస్త, చూడుండ్రి."

ఎక్కువ చెప్పలేదు. కొంగు నీడలో కాగితాన్ని వెంట తెచ్చిన అచ్చుచట్రంలో పెట్టింది, దాని మీద మందు దిక్కు ఆనేట్టుగా పలక పెట్టింది, చట్రం బిగించింది. వాకిట్లో రుబ్బురోలు మీద, ఎండకు ఎదురుగా నిలబెట్టింది. పసుపు కాగితానికి అంటితే అంటనీ అనుకుంది.

అయిదు నిమిషాలు గడిచాయి. పక్కింట్లో మగ్గం ఆగకుండా కొట్టుకుంటోంది. పెద్దమనుషుల్లో ఒకడు చుట్ట వెలిగించాడు. యాదవ్వ చట్రం వెనక చెక్క సగం తెరిచి తొంగిచూసి, ఇంకా కాలేదంది. మరో అయిదు నిమిషాలు. హనుమండ్లు మంచం మీద అటూ ఇటూ కదిలాడు. ఏమీ రాకపోతే ఏమవుతుందో యాదవ్వకు తెలుసు. ఆ పిల్ల బతుకు పోతుంది, తన చేతిలోని పని పోతుంది. రెండూ ఒక పాత కాగితం మీద ఆధారపడి ఉన్నాయి.

చెక్క మూడోసారి తెరిచి, కాగితం బయటికి తీసి ఎత్తి చూపింది.

వంకాయ రంగులో పీటలు, పందిరి గుంజ, పర్శరాములు, అతని ఎడమపక్కన శంకరవ్వ. కింది మూలలో చిన్న తెల్లటి చుక్క. పెదవి చివర నవ్వుతో సహా అంతా స్పష్టంగా, మొదటి ఫోటోలో ఉన్న మసక లేకుండా ఉంది. మంచాల మీది వాళ్లు లేచి నిలబడ్డారు. నాగయ్య భుజం మీది తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

యాదవ్వ ఆగలేదు. రెండో కాగితం పెట్టి, ఈసారి పలక తిప్పి అద్దం దిక్కు ఆనించింది. మళ్లీ పది నిమిషాలు. ఈ ఫోటోలో శంకరవ్వ కుడిపక్కకు వచ్చింది, గోడ మీది నుంచి దించి పంపిన ఫోటోలో ఉన్నట్టే. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. గెలిచాననుకుంది యాదవ్వ.

హనుమండ్లు రెండు కాగితాలూ చేతిలోకి తీసుకొని అటూ ఇటూ చూశాడు. మొండివాడే గాని తెలివితక్కువవాడు కాదు.

"ఒక్క పలకకెళ్లి రెండు తీర్ల వచ్చింది," అన్నాడు, ఇంకా సిద్దిరాములు వైపే చూస్తూ. "గిది నిజం, గది అబద్ధమని ఎవలు చెప్పాలె? కుడిదిక్కుదే నిజం కావచ్చు. మీరు తిప్పి ఎడమకు తెచ్చిన్రు కావచ్చు."

వాకిలి చప్పున చల్లారింది. సిద్దిరాములు మందు దిక్కు, అద్దం దిక్కు అంటూ మొదలుపెట్టాడు. ఒక్కరికీ అర్థం కాలేదు. చుట్టవాడు తల అడ్డంగా ఊపి మళ్లీ మంచం మీద కూర్చున్నాడు. ఇది ఎవరూ ముందుగా అనుకోని ప్రశ్న. బస్సులోనూ అనుకోలేదు, ఇంట్లోనూ అనుకోలేదు.

యాదవ్వ ఆ రెండు బొమ్మలనూ అతని చేతిలోంచి తీసుకొని చూసింది. తొమ్మిదేళ్లు చీకటిగదిలో బొమ్మలు చూసిన కళ్లు అవి. మొహాలు చూసింది, చేతులు చూసింది, బట్టలు చూసింది. తర్వాత తల ఎత్తింది.

"పెద్దయ్యా, మీ అంగి జేబు ఏ దిక్కున్నది?"

హనుమండ్లు చెయ్యి దానంతటదే ఎడమ రొమ్ము మీదికి పోయింది, పొగాకు డబ్బీ ఉండే చోటికి. అతనొక్కడే కాదు, మంచాల మీది ఐదుగురూ, గోడ పక్కన నాగయ్యా, కట్టు లేని చేత్తో సిద్దిరాములూ, అందరూ ఎడమ జేబు తడుముకున్నారు. వాకిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"పెండ్లినాటి అంగి ఇంట్ల ఉన్నదా?"

అప్పటిదాకా తలుపు చాటున ఉన్న ఐలవ్వ చప్పుడు చెయ్యకుండా లోపలికి పోయి, పెట్టెలోంచి తెల్లంగి తెచ్చింది. మెడ దగ్గర ఇంకా పసుపు మరకలున్నాయి. దాన్ని కొడుకు రొమ్ముకు ఆనించి పట్టుకుంది. జేబు ఎడమన ఉంది.

యాదవ్వ మొదటి కాగితం దాని పక్కన పెట్టింది. జేబు ఎడమన, పిల్ల ఎడమన. రెండో కాగితం పెట్టింది. జేబు కుడిన, పిల్ల కుడిన.

"కుడిదిక్కు జేబు కుట్టే దర్జీ చెన్నూరుల ఉంటె తీస్కరాండ్రి," అంది. "అప్పుడు నేను అబద్ధమని ఒప్పుకుంట."

చుట్టవాడే ముందుగా లేచాడు. పిల్ల ఎడమకే కూర్చుందని, ఇక పంచాయితీ ఏమీ లేదని తేల్చి తువ్వాలు దులుపుకున్నాడు. మిగతా నలుగురూ ఔనన్నారు. సిద్దిరాములు భార్య వైపు చూసిన చూపు మంచిర్యాల దాకా వెలుగిచ్చేలా ఉంది. యాదవ్వ నవ్వు ఆపుకుంటూ పలకను మళ్లీ పాత చీరలో చుట్టింది.

హనుమండ్లు గొంతు సవరించుకున్నాడు. నాగయ్యతో, "సరే, పిల్లను లోపటికి రమ్మను," అన్నాడు.

శంకరవ్వ కదలలేదు. నాగయ్య మెల్లగా భుజం తట్టాడు. అప్పుడూ కదలలేదు. కొంగు భుజాన సరిచేసుకొని, ఉన్నచోటు నుంచే మాట్లాడింది.

"ఒక్కటి అడుగుత మామా. ఆనాడు నా పక్క పీట మీద కూసున్నది మీ కొడుకు. నేను ఎటుదిక్కు కూసున్ననో ఆయనను ఎవలన్న అడిగిన్రా?"

ఎవరూ అడగలేదు. ఫోటోను అడిగారు, పందిట్లోవాళ్లను అడిగారు, తెగిన పడుగును అడిగారు. అందరి తలలూ అరుగు వైపు తిరిగాయి. పర్శరాములు ఎర్రబడ్డ మొహంతో లేచి నిలబడ్డాడు.

"ఎడమకే కూసున్నది," అన్నాడు. "నాకు యాదికున్నది."

"మరి గిన్నొద్దులు నోరెందుకు లేవలేదురా?" అన్నాడు తండ్రి.

"బాపు మాటకు అడ్డం పోవుడేందని ఊకున్న." పెళ్లాం వైపు చూడబోయి చూడలేకపోయాడు. "తప్పు నాదే."

శంకరవ్వ అతని మాట పూర్తిగా వింది. కోపగించుకోలేదు, కరిగిపోనూ లేదు.

"నన్ను గీ వాకిట్లకెళ్లి ఎల్లగొట్టిన్రు. తీస్కరావాల్నంటె మా వాకిట్లకు రావాలె," అని చెప్పి, తండ్రి చెయ్యి పట్టుకొని బస్సు ఆగే దిక్కుకు నడిచింది. నాగయ్యకు ఏమనాలో తోచక, వెనక్కి తిరిగి చూస్తూ చూస్తూ వెంట నడిచాడు. పర్శరాములు రెండు క్షణాలు నిలబడి, చెప్పులు వేసుకొని, ఎవరినీ అడగకుండా వాళ్ల వెనకే పోయాడు.

హనుమండ్లు మొదటి బొమ్మను మళ్లీ చేతిలోకి తీసుకొని ఎండలోనే కూర్చుండిపోయాడు.

"నీడకు పట్టుకోండ్రి," అంది యాదవ్వ. "ఇంక మందునీళ్లల కడగాలె. ఎండల ఉంచితె నల్లవడ్తది."

అతను లేచి అరుగు చూరు కిందికి, నీడలోకి జరిగాడు. బొమ్మను చాలాసేపు చూశాడు. కోడలి మొహం అంత సేపు చూడడం అతనికి అదే మొదలు కావచ్చు. తర్వాత తల ఎత్తి, ఈ పంచాయితీ మొత్తంలో మొదటిసారి యాదవ్వతో నేరుగా మాట్లాడాడు.

"ఉగాది ఎన్క మా కమలవ్వ లగ్గం ఉన్నది. నువ్వే తియ్యాలె చెల్లె."

కమలవ్వ అతని చిన్నకూతురు. సిద్దిరాములు జవాబు భార్యకే వదిలి పక్కకు జరిగాడు.

"తీస్త," అంది యాదవ్వ. "ఇంటిల్లిపాదిని కూసోబెట్టి గూడ ఒకటి తీస్త. గని పెద్దకోడలు లేని ఇంటికి నా కెమెరా రాదు పెద్దయ్యా. ఎట్ల తీస్కస్తరో మీ ఇష్టం."

ఐలవ్వ అంగిని చేతిలో మడుస్తూ మొగుడి మొహమే చూస్తోంది. దూరాన బస్సు హారను మోగింది. హనుమండ్లు బొమ్మను జాగ్రత్తగా పొగాకు డబ్బీ కింద, నీడలో పెట్టాడు.

"ఐలవ్వా," అన్నాడు. "నా తలరుమాల తే. బస్సు పోకముందె తే. నువ్వు గూడ నడువు."